తెలిసినోడి బేరం, తెలియనోళ్ల బేరం



పంచశీలలో రెండోది, ఇయ్యనిది తీసుకోను అనేది, మనం విహారంలో ప్రతి ఆదివారం చెప్పుకుంటున్నాం. ‘దొంగతనం చెయ్యను’ అంటే సరిపోదా? ‘ఇయ్యనిది’ అని ఎందుకన్నారు? ఒక పాత కెమెరా నాకు ఈ ప్రశ్న తెచ్చిపెట్టింది.

పాత కెమెరాలు పోగుచేసే అలవాటు నాది. వాటికి ధర కట్టేటోళ్లు కొన్ని చూస్తారు: అలాంటివి ఎన్ని తయారైనయి, నంబరేంటిది, లెన్సులో ఫంగస్ ఉందా, షట్టర్ పనిచేస్తుందా, ఎవరు వాడిండ్రు. లైకా కెమెరాకు రూపం ఇచ్చిన ఆస్కార్ బార్నాక్ సొంతంగా వాడుకున్న 105 నంబరు కెమెరా 2022లో జర్మనీ వేలంలో 1 కోటి 44 లక్షల యూరోలు పలికింది. ఈ లెక్కలన్నీ నాకు తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇబ్రహీంపట్నంలో ఒక పాత ఫోటో స్టూడియో మూతపడ్డది. దాని ఓనరు పోయిండు. ఆయన భార్య ఇల్లు సర్దుతూ నన్ను పిలిచింది. తోలు సంచిలో రోలీఫ్లెక్స్, రెండు లెన్సుల జర్మనీ కెమెరా. లెన్సు మీద ఒక్క మచ్చ లేదు.

“పాత సామానోడు రెండొందలంటుండు. నువ్వు వెయ్యి ఇయ్యి బిడ్డా” అన్నది.

అది లక్షకు దగ్గర పలుకుతదని నాకు తెలుసు. నోరు మెదపలేదు. వెయ్యి ఇచ్చి తెచ్చుకున్న.

ఆమె అడిగింది, నేను ఇచ్చిన. దొంగతనం ఎక్కడుంది? కెమెరాల గురించి ఏండ్ల తరబడి నేర్చుకున్నది నా కష్టం కాదా? నాలుగు రోజులు నా తరఫున నేనే వాదించుకున్న.

అప్పుడు మా చిన్నాయన గుర్తొచ్చిండు. ఔటర్ రింగ్ రోడ్డు వస్తదని ముందే తెలిసినోళ్లు, తెలియని రైతుల దగ్గర ఎకరాలు కొన్నరు. సంతకం పెట్టింది మనోళ్లే, పైసలు తీసుకున్నదీ మనోళ్లే. కాగితం మీద తప్పు లేదు. అయినా ఇయ్యాల అదే భూమిలో వాచ్‌మన్‌గా కూసున్న చిన్నాయన “మోసపోయినం” అంటడు. ఆయన మాట నిజమైతే, నేను చేసిందీ అదే.

తెలిసి ఇస్తేనే ఇచ్చినట్టు. ఆమె ఇచ్చింది ఒక పాత డబ్బా. నేను తీసుకున్నది లక్ష రూపాయలు. ఆ రెండింటి నడుమ ఉన్నదే ‘ఇయ్యనిది’.

వస్తువులు పోగుచేయడం తప్పు కాదు. బాబాసాహెబ్ కూడా పుస్తకాలు పోగుచేసిండు. వాటి కోసమే దాదర్‌లో రాజగృహ కట్టించిండు. కానీ ఆ చదువును తన కాడే దాచుకోలేదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి పంచిండు. తెలివిని దాచిపెట్టి ఎదుటోళ్లను దోచే పద్ధతికి తరతరాలుగా బలైనోళ్లం మనం. అదే పద్ధతి మనం పట్టుకుంటే దీక్ష తీసుకుని ఏం లాభం?

అయిదో రోజు కెమెరా తీసుకుని పోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పిన.

“అప్పుడే తెలుసా బిడ్డా నీకు?” అన్నది. తల వంచుకున్న.

ఇద్దరం హైదరాబాద్ పోయి అమ్మినం. ఎనభై వేలు వచ్చినయి. నా వెయ్యి నాకు ఇచ్చింది. ఆ కెమెరా మీద ఆశ మాత్రం నాకు ఇంకా పోలేదు. అది చెప్పకపోతే అబద్ధమైతది.

మనలో కొందరికి ఇప్పుడు చదువు, ఉద్యోగం, నాలుగు పైసలు వచ్చినయి. బేరం చేసేటప్పుడు ‘ఎదుటి మనిషికి తెలియదులే’ అని లోపల సంతోషం పుడితే, అక్కడే ఆగుదాం. రెండో శీలం మొదలయ్యేది అక్కడే.

నమో బుద్ధాయ.