శిక్ష ముందే పడినవాడు

"నాకు శిక్ష ముందే పడిపోయింది కదా అయ్యగారూ, ఇప్పుడు తప్పు చేస్తే కొత్తగా ఏమవుద్ది?" అన్నాడు మా సంఘంలోని పదిహేడేళ్ల కుర్రాడు. పుట్టుకతో తల్లి నుంచి వచ్చిన హెచ్‌ఐవీ వాడిది. రాత్రి మాత్ర ఎగ్గొడుతున్నాడని, స్నేహితులతో క్వార్టర్ పంచుకుంటున్నాడని, బండి మీద ముగ్గురేసి హైవే ఎక్కుతున్నారని వాళ్లమ్మ ఏడిస్తే పిలిపించాను.

వాడి మాటలో తలబిరుసు కంటే లెక్క ఎక్కువ కనిపించింది. ఆ లెక్క నేర్పింది మనమే. పల్నాడులో ఏ చావింటికెళ్లినా, తండ్రి చేసిన పాపమని మావాళ్లంటారు, పూర్వజన్మ కర్మని పక్కింటివాళ్లంటారు. మతం వేరైనా తీర్పు ఒక్కటే. చేయని నేరానికి ముందే జరిమానా కట్టేసినవాడు, ఇక ఆ నేరం చేసుకునే హక్కు మిగిలిందనుకోడా? మాత్ర కూడా వాడికి రోజూ పోలీస్ స్టేషన్లో పెట్టే సంతకంలాగే ఉంటుంది.

నిర్గమకాండము 20వ అధ్యాయంలో తండ్రుల దోషం మూడు నాలుగు తరాలు వెంటాడుతుందని ఉంది. యెహెజ్కేలు 18వ అధ్యాయం పుల్లద్రాక్షల సామెత ఎత్తి, ఇక ఆ మాట కట్టిపెట్టమంటుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూపి ఎవరి పాపమని శిష్యులడిగితే, వాడిదీ కాదు, కన్నవాళ్లదీ కాదన్నాడు యేసు. మావాళ్లకు మొదటిదే కంఠతా వస్తుంది. అయితే దేవుని క్రియలు వెల్లడి కావడానికని యేసు చెప్పిన కారణం ఈ పిల్లాడి ముందు చెప్పాలంటే నాకు నోరు రాదు. (స్వస్థత కూటాల్లో మందులు మాన్పించే బోధకులకు మాత్రం బాగానే వస్తుంది.)

"జబ్బు రావడం నీ తప్పు కాదురా. కాబట్టి అది శిక్ష కాదు. శిక్షే కానప్పుడు నువ్వు ముందే కట్టింది కూడా ఏమీ లేదు" అన్నాను. కాసేపు ఆలోచించి, అసలు సంగతి బయటపెట్టాడు. కాలేజీలో ఒకమ్మాయి ఉంది. తనకు అంటుకుంటుందా?

మందులు వాడుతూ రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గి, అలాగే నిలిస్తే, కలయిక వల్ల అంటదని డాక్టర్లు చెబుతున్నదే చెప్పాను. మాత్రలు మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది, మందుకు లొంగకుండా పోవచ్చు, ఆ భరోసా ఉండదు.

"తనకి చెప్పాలా?"

చెప్పాలన్నాను, అదీ దగ్గరవకముందే. వాడు ఒప్పుకోలేదు. వైరల్ లోడ్ పరీక్షకు మాత్రం వస్తానన్నాడు, వాళ్లమ్మను వెంట తేవద్దన్నాడు.