ముక్కు మరచిన వాసన

ప్రియ చదువరీ, మనకు తెలియని తప్పునకు మనము బాధ్యులమా?

నాది పాత పెట్రోలు అంబాసిడరు. ఆ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. ఒకనాడు మచిలీపట్నమునుండి గుడివాడకు పోవుచు, దివిసీమనుండి వచ్చిన యొక వృద్ధురాలిని ఎక్కించుకొంటిని. తలుపు మూయగానే ఆమె, "అయ్యగారూ, పెట్రోలు వాసన కొడుతోందండీ" అనెను. "పాత బండి గదమ్మా, మామూలే" అని నవ్వితిని. నిజమునకు నాకే వాసనయు తెలియలేదు.

గుడివాడలో మెకానిక్కు పంపును, కార్బురేటరును చూచెను; ఎక్కడను చెమ్మలేదు. "ట్యాంకు ఎప్పుడు నింపించారు?" అని అడిగెను. ఆ ఉదయమే. అంతట వెనుకవైపు వెదకగా, పెట్రోలు పోయు గొట్టమును ట్యాంకుతో కలుపు రబ్బరు బీటలువారి తడిసియుండెను. ట్యాంకు నిండిననాడే అది కారును. నేటి పెట్రోలులో కలుపు ఇథనాలు పాత రబ్బరును చెరచునట. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. పల్లమున నిలిచి నిప్పురవ్వకై కాచుకొనియుండును. ఆ తల్లిని నేను దానిమీదనే కూర్చుండబెట్టి తెచ్చితిని!

ఎడతెగక పీల్చు వాసనకు ముక్కు అలవాటుపడును. కనుక వాసన తెలియకపోవుట నా నేరము కాదు. చెప్పినప్పుడు వినకపోవుటయే నా నేరము. చెడిన నా ముక్కునే సాక్షిగా నమ్మి, మంచి ముక్కును త్రోసివేసితిని.

మన కోపము, పిసినితనము, మాటలోని కరకుదనము ఇట్టివే. మనకవి వాసనవేయవు, ప్రక్కన కూర్చున్నవారికి వేయును. 19వ కీర్తనలో దావీదు తనకు తెలియని తప్పులనుగూర్చియు వేడుకొనెను గదా.

చదువరీ, ఎవరైనను "ఏదో వాసన" అనినయెడల "మామూలే" అనకుము. బండి ఆపి, దిగి చూడుము.