అడగని ప్రశ్నకి జవాబు

“నన్నెవరూ అడగలేదు బాబూ” అన్నారావిడ ఫోన్లో. మందులమ్మే ఒక సంస్థకి నేను కోడ్ రాసే రోజులవి. మందులు ఇంటికి పంపమంటారా అంటే ఆవిడ వద్దన్నట్టు మా డేటాబేసులో ఉంది. డెబ్బై దాటిన మనిషి. ఎందుకు వద్దంటారు?

మా ప్రోగ్రాంలో ప్రతి కస్టమరూ ఒక జావా ఆబ్జెక్టు. ఆబ్జెక్టుని బైట్ల వరుసగా మార్చే సీరియలైజేషన్ సదుపాయం జావాలో 1997 నుంచీ ఉంది. పేరుకో కాలమ్, ఊరుకో కాలమ్ అంటూ టేబుల్ గీసుకునే ఓపిక లేక, ఆ బైట్లని మూటగట్టి ఒకే బ్లాబ్ కాలమ్‌లో పడేశాను. రెండు లైన్ల పని.

ఆ మూటలోకి క్లాసు పేరు, ఫీల్డుల పేర్లు, వాటి విలువలు వెళ్తాయి. ఆ విలువలకి అర్థం చెప్పే కోడ్ మాత్రం బయటే ఉండిపోతుంది. దాన్ని మనం మార్చుకుంటూ పోతాం. వెర్షన్ నంబరు మనం ఇవ్వకపోతే జావాయే క్లాసుని బట్టి ఒకటి లెక్కగడుతుంది. క్లాసు మారితే ఆ నంబరూ మారిపోయి, పాత మూట విప్పనంటుంది. ఈ గొడవెందుకని నంబరు నేనే ఇచ్చేశాను. ఎర్రర్లు ఆగిపోయాయి, సంతోషించాను.

తర్వాత “ఇంటికి పంపాలా” అని ఒక బూలియన్ ఫీల్డు కొత్తగా చేర్చాం. పాత మూటల్లో ఆ ఫీల్డే లేదు. అలాంటప్పుడు జావా దానికి ‘ఫాల్స్’ అని ఇచ్చేస్తుంది, చప్పుడు చెయ్యకుండా. అలా “అడగలేదు” అన్నది “వద్దన్నారు” అయిపోయింది. మాతో ఎక్కువ కాలంగా ఉన్నవాళ్ళకే, అంటే చాలావరకు పెద్దవయసు వాళ్ళకే, ఇలా జరిగింది.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయినా ఒక మనిషి పేరు మీద ఆవిడ అనని మాట నమోదైంది. తప్పెవరిది? భాష నియమం అదే అని తప్పుకోవచ్చు. ఆ నియమం రహస్యమేమీ కాదు. కానీ “తెలియదు” అనే జవాబుకి చోటు లేని పెట్టెని ఎంచుకున్నది నేను. మామూలు టేబుల్లో కొత్త కాలమ్ చేర్చి వదిలేస్తే పాత వరుసల్లో నల్ ఉండేది. ఖాళీని ఖాళీగా చూపించడం కూడా నిజాయితీయే అని నాకు అప్పుడే తెలిసింది.

కాసేపు దాచుకుని పారేసే క్యాష్‌కి సీరియలైజేషన్ చక్కగా పనికొస్తుంది. ఏళ్ళ తరబడి నిలవాల్సిన మనుషుల వివరాలు వేరు. అవి నా ప్రోగ్రాం సొత్తు కావు.

విడి కాలమ్ పెట్టి సరిదిద్దబోతే ఇంకో సంగతి బయటపడింది. పాత మూటని విప్పి, ఫోన్ నంబరో ఏదో మార్చి, మళ్ళీ కట్టిన ప్రతిసారీ ఆ ఉత్తుత్తి ‘ఫాల్స్’ నిజమైన ‘ఫాల్స్’గా లోపలికి చేరిపోయింది. ఇక ఎవరు నిజంగా వద్దన్నారో, ఎవరిని అసలు అడగలేదో చెప్పే దారి లేదు. అందరికీ ఫోన్లు చేశాం. “ఒకసారి వద్దని చెప్పానుగా” అని విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి క్షమాపణ చెప్పడం తప్ప ఏం చెయ్యగలం?