పరాయి పిల్లల మీద పాఠం నేర్చుకోవచ్చా?

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరుచుకున్నది 1998లో. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడిందీ ఆ ఏడాదే. అక్కడ కోడ్ రాసేవాళ్లు, ఇక్కడ టీచర్లు తయారవుతున్నారు. కోడ్ రాసేవాళ్లకు ఒక వెసులుబాటుంది: రాసింది ముందు టెస్ట్ సర్వర్ మీద నడిపి, బగ్గులు ఏరేసి, ఆ తర్వాతే లైవ్‌లోకి పంపుతారు. బీఎడ్ విద్యార్థికి టెస్ట్ సర్వర్ లేదు. ఎదురుగా కూర్చున్న ఆరో తరగతి పిల్లకు ఆ పీరియడ్ మళ్లీ రాదు. 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఎడ్‌లో 20 వారాలు బడిలో గడపాలి. మరి మన చదువు కోసం పరాయి పిల్లల చదువును పణంగా పెట్టడం ధర్మమేనా?

కాదు. పణంగా పెట్టకూడదనే, బీఎడ్ విద్యార్థిని ఇంకా ముందుగా బడికి పంపాలంటాను. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి విద్యను గురువు సొత్తుగా చూడదు. గురువు ఒక కొస, శిష్యుడు మరో కొస, విద్య ఆ రెండూ కలిసే చోటు. సత్యం, తపస్సు, అతిథిసేవ, ఏది చెప్పినా పక్కనే చదువుకోవడాన్నీ చదువు చెప్పడాన్నీ జంటగా నిలుపుతుంది. భిన్నాల కూడిక బాగా వచ్చినవాడికి కూడా, ఒక పిల్ల లవాన్ని లవంతో, హారాన్ని హారంతో ఎందుకు కూడేసిందో తెలియదు. అది తెలియాలంటే ఆ పిల్ల నోట్‌బుక్ ముందు కూర్చోవాలి. తోటి విద్యార్థులే పిల్లలుగా కూర్చునే మైక్రోటీచింగ్‌లో గొంతు, బోర్డు మీద రాత కుదురుతాయి, కాదనను. కానీ తోటివాడు తెలియనట్టు నటిస్తాడు, అంతే.

అసలు అభ్యంతరం వేరే ఉంది. ఈ తప్పటడుగుల బరువంతా ఐటీ కారిడార్‌లో అద్దాల మేడలు కట్టిన వలస కూలీల పిల్లలు చదివే సర్కారు బడి మీదే పడి, లక్షల ఫీజుల స్కూళ్లు తప్పించుకుంటే? అన్యాయమే. దానికి మందు బడికి పంపడం మానేయడం కాదు, అన్ని బడులూ బరువు పంచుకోవడం, అసలు టీచరు గదిలోనే ఉండటం. ట్రైనీ వచ్చాడు కదా అని స్టాఫ్‌రూమ్‌కు వెళ్లిపోతే, ఖాళీ పోస్టులో ట్రైనీని సర్దేస్తే, అది శిక్షణ కాదు, ఎగవేత. ఆలస్యం చేసినంత మాత్రాన తప్పులు తగ్గవు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, దిద్దేవాళ్లు లేని గదిలో, అవే తప్పులు జరుగుతాయి.

20 వారాల్లో 16 రెండో ఏడాదికి నెట్టడం నాకు నచ్చనిది ఇందుకే. ఈ పని తనకు కుదరదని ఎవరికైనా అప్పుడు తెలిసినా, ఫీజు కట్టేశారు, చుట్టాలు టీచరమ్మా అని పిలవడం మొదలెట్టారు, ఇక వెనక్కి తిరగడానికి మొహం చెల్లదు.