ఐదు వేళ్లు ఎవరివి?

మొహర్రం పదో రోజు హైదరాబాదు దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద బీబీ కా అలం అనే పవిత్ర ధ్వజం బయల్దేరుతుంది. షేక్ ఫైజ్ కమాన్ దాటి, యాకుత్‌పురా దర్వాజా, ఎతెబార్ చౌక్, అలీజా కోట్లా మీదుగా చార్మినార్ వైపు సాగి, మీర్ ఆలం మండీ, పురానీ హవేలీ, దారుల్‌షిఫా తిరిగి చాదర్‌ఘాట్ చేరుతుంది. యాకుత్‌పురా దర్వాజా ఇప్పుడు పేరుకే ఉంది. పాత నగర ప్రాకారపు దర్వాజాల్లో మిగిలినవి దబీర్‌పురా, పురానాపూల్ రెండే. గోడ కూలినా, దర్వాజా పోయినా ఊరేగింపు మాత్రం ఆ దారినే సాగుతుంది.

ఆ అలంలో ప్రవక్త కుమార్తె ఫాతిమాకు అంతిమ స్నానం చేయించిన చెక్కపలక ముక్క ఉందని భక్తుల నమ్మకం. కుతుబ్ షాహీ రాణి హయాత్ బక్షీ బేగం దాన్ని నెలకొల్పారని చెబుతారు. అలానికి కట్టే నల్లసంచుల్లోని నగలు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో సమర్పించినవి. కుతుబ్ షాహీలు షియాలు, నిజాములు సున్నీలు. షియాల దుఃఖానికి సున్నీ పాలకుడు నగలు పెట్టాడు. ఆ రోజు బజారులో అలానికి దట్టీ గుడ్డ సమర్పించడానికి ఎదురుచూసేవాళ్లలో హిందువులూ ఉంటారు. ముందు నడిచే యువకులు చొక్కాలు విప్పి, ‘యా హుసేన్’ అంటూ గుండెలు బాదుకుంటారు. కొందరి ఒంటి మీద నెత్తురు కనిపిస్తుంది. అక్కడ పండుగ అన్న మాట ఎవరి నోటా రాదు.

అదే మొహర్రానికి అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో తిరునాళ్లు జరుగుతాయి. అక్కడి పీరు కుళ్లాయిస్వామి. కర్బలా వీరుల్లో ఒకరిగా ఆయన్ను కొలుస్తారు. పీర్ల మకానానికి దగ్గర్లోనే ఆంజనేయస్వామి గుడి. కొబ్బరికాయ ఒకచోట, చక్కెర చదివింపులు ఇంకోచోట. వచ్చినవాళ్లు రెండు చోట్లా దణ్ణం పెట్టుకునే వెళతారు. చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు ఊరేగింపులు, నిప్పుల గుండం, చివరికి పీర్లను నీళ్లకు సాగనంపే జలధి: ఆ పది రోజుల లెక్క పల్లె పిల్లలకు సైతం నోటికి వస్తుంది. ఆ జిల్లాలో కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అన్న పేర్లు హిందువుల ఇళ్లలోనూ వినిపిస్తాయి. మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టుకుంటారు.

పీర్లను దగ్గరనుంచి చూడాలి. ఏడాదంతా పెట్టెలో ఉన్న లోహపు పంజాను నెల పొడుపు తర్వాత బయటికి తీసి చింతపండుతో తోముతారు. కర్రకు బిగించి, రంగురంగుల గుడ్డలు చుట్టి, పూలదండలు వేస్తారు. ఊదు పొగలో పైన అరచెయ్యి మాత్రం మెరుస్తూ కనిపిస్తుంది. ఆ ఐదు వేళ్లు షియాలకు పంజ్‌తన్. అంటే ప్రవక్త మహమ్మద్, ఫాతిమా, అలీ, హసన్, హుసేన్. పీరు కింద నిలబడి పిల్లాడి జ్వరం తగ్గాలని కోరుకునే తల్లికి అంత వివరం తెలియకపోవచ్చు. తనను కాపాడే చెయ్యిగానే ఆమె దాన్ని చూస్తుంది.

అసలు ప్రశ్న ఇక్కడే పుడుతుంది. క్రీస్తుశకం 680లో, యూఫ్రటీస్ ఒడ్డుకు దగ్గరలోని కర్బలాలో, నీళ్లు అందకుండా చేసి ప్రవక్త మనవడు హుసేన్‌ను, ఆయన వెంట ఉన్న కొద్దిమందినీ చంపారు. అన్యాయమైన పాలనకు విధేయత ప్రకటించనన్నందుకు ఆయన ప్రాణమిచ్చాడు. ఈ కథ పూర్తిగా తెలిసి ఏడ్చేవాళ్లది భక్తా? కథ సగమే తెలిసి, నిప్పుల మీద నడిచి, బిడ్డకు ఆ పేరు పెట్టుకునేవాళ్లది భక్తా? ఒక మతంలో పుట్టిన దుఃఖం వేరే మతంవాళ్ల చేతుల్లోకి వెళితే అది ఎవరిదవుతుంది?

పల్లె భక్తిని ‘సామరస్యం’ అని పొగిడి ఊరుకోవడం తేలిక. అవతలి వాదం కూడా బలమైనదే. దేవుడికి సాటి కల్పించడం ఇస్లాంలో షిర్క్, అన్నింటికంటే పెద్ద తప్పు. అందుకే ఎందరో ముస్లిం పెద్దలు పీర్ల పండుగను ఒప్పుకోరు. తెలుగు కవి అఫ్సర్ గూగూడు మీద ఇంగ్లీషులో రాసిన పరిశోధన గ్రంథాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. స్థానిక ఇస్లాంకూ, ‘అసలీ’ ఇస్లాం కావాలనేవారికీ మధ్య నడిచే ఈ గుంజాటనను ఆయన వివరంగా చూపించారు. షియా కుటుంబాల్లోనూ ఓ బాధ ఉంటుంది. దాహంతో అలమటించిన పసివాళ్ల జ్ఞాపకం డప్పుల మధ్య ఆటపాటగా మారితే ఎలా అని వాళ్లు అడుగుతారు. మన ఇంట్లో పోయినవాళ్ల తద్దినం నాడు పక్కింటివాళ్లు వచ్చి చిందులేస్తే ఎలా ఉంటుందో ఆలోచిస్తే ఆ బాధ అర్థమవుతుంది.

అయినా పల్లె వాళ్లది తెలియని భక్తి అని తీర్మానించడం తొందరపాటే. ఫకీరు నియమం పట్టినవాళ్లు ఆ రోజుల్లో చెప్పులు తొడగరు. మాంసం, మద్యం ముట్టరు. నేల మీదే పడుకుంటారు. దాహంతో అలమటించినవాళ్ల పేరు మీద వీధి వీధినా షర్బత్ పంచుతారు. పదో రోజు జలధికి వెళ్లే పీర్లను చూసి, సొంత మనిషిని సాగనంపినట్టు కన్నీళ్లు పెట్టుకునే ఆడవాళ్లు ఉంటారు. మతగ్రంథం చదవకపోయినా వాళ్ల ఒళ్లు, కడుపు, కాళ్లు కర్బలాను తెలుసుకుంటూనే ఉన్నాయి. చేస్తూ చేస్తూ తెలుసుకోవడం కూడా తెలుసుకోవడమే. ముస్లిం ఇల్లు ఒక్కటి కూడా లేని ఊళ్లలోనూ పీర్లను నిలబెట్టే కుటుంబాలు ఉన్నాయి. ఎవరి బలవంతమూ లేకుండా తరాల తరబడి ఆ బరువు మోస్తున్నవాళ్లను బయటివాళ్లని ఎలా అంటాం?

ఇలాంటి చెయ్యి హైదరాబాదులో మరోచోటా ఉంది. ఇబ్రహీం కుతుబ్ షా కొలువులోని యాకూత్ అనే ఖోజాకు 1578లో ఓ కల వచ్చిందని చెబుతారు. ఆకుపచ్చ బట్టల మనిషి ఒకరు పిలిస్తే కొండెక్కాడట. అక్కడ హుసేన్ తండ్రి అలీ రాతి మీద చెయ్యి ఆనించి కూర్చుని ఉన్నాడట. తెల్లారి వెళ్లి చూస్తే రాతిలో అరచేతి ముద్ర. అదే మౌలా అలీ గుట్ట. ఇప్పుడు దాని చుట్టూ ఊరు అల్లుకుపోయింది కానీ, అప్పట్లో నగరానికి దూరంగా ఉన్న పల్లె ప్రాంతం. గుట్ట కింద మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. ఆమె ఉర్దూ కవయిత్రి, నిజాం కొలువులో పేరున్న నర్తకి. 1824లో కన్నుమూసిన ఆమెకు అలీ అంటే ప్రాణం.

చేతి గుర్తు ఇంకా దూరం కూడా వెళ్లింది. బల్గేరియా ఈశాన్యాన ఇస్పెరిఖ్ పట్టణం దగ్గర స్వెష్తరీ అనే పల్లె ఉంది. అక్కడ 1982లో బయటపడిన థ్రేసియన్ సమాధి క్రీస్తుపూర్వం మూడో శతాబ్దిది. యునెస్కో దాన్ని 1985లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దాన్ని చూడ్డానికి వెళ్లినవాళ్లు కాస్త దూరం నడిస్తే పదహారో శతాబ్దపు సాధువు దెమిర్ బాబా తెక్కె, అంటే దర్గా, కనిపిస్తుంది. ఏడు పక్కల రాతి గోరీ అది. పాత థ్రేసియన్ల పవిత్ర స్థలం మీదే దాన్ని కట్టారు. అలీనీ, హుసేన్‌నూ తలచుకునే అలెవీలు అక్కడికి వస్తారు, క్రైస్తవులూ వస్తారు. కోరికలు తీరాలని గుడ్డపేలికలు కడతారు. పక్కనే ఊట. కరువు రోజుల్లో దెమిర్ బాబా రాతిలో చెయ్యి గుచ్చితే ఐదు వేళ్లు దిగినచోట నీళ్లు ఉబికాయని స్థానికులు చెబుతారు. దాని పేరే ఐదువేళ్ల ఊట.

స్వెష్తరీకీ గూగూడుకూ ఒకరి గురించి ఒకరికి తెలియదు. అయినా రెండు చోట్లా జనం ఓ చేతిని నమ్ముకుని, ఆ చెయ్యి ఎవరి మతానిదని గట్టిగా అడక్కుండానే శతాబ్దాలు గడిపేశారు. ఆ ప్రశ్న అడిగినవాళ్లలో ఎక్కువమంది బయటినుంచి వచ్చినవాళ్లే: పాలకులు, పండితులు, ఈ మధ్య రాజకీయులు. అడగడం తప్పని కాదు. హుసేన్ ఎందుకు చనిపోయాడో తెలిస్తే గూగూడు భక్తుడికి నష్టమేమీ ఉండదు, తన మొక్కుకు మరింత బరువు వస్తుంది. అలాగే దబీర్‌పురా ఊరేగింపులో ఏడ్చే మనిషి ఓసారి గూగూడు దాకా వెళ్లి రావాలి. ఇస్లామీయ చాంద్రమానం లెక్కన మొహర్రం ఏటా దాదాపు పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతుంది కాబట్టి, అది వేసవి కావచ్చు, వానాకాలం కావచ్చు. అనంతపురం దాకా రైలుంది. అక్కడినుంచి నార్పల వైపు బస్సు ఎక్కాలి.