కత్తెర చేతిలో వున్నవాడు

పోస్టరు మీద హీరోగారి బొమ్మ వుంటుంది, హీరోయిన్ బొమ్మ వుంటుంది. ఎడిటరుగారి బొమ్మ ఎక్కడైనా చూశారా? చూసి వుండరు. కాని నన్నడిగితే, సినిమా మొత్తం మీద అబద్ధమాడే వీలు ఎక్కువగా వున్నది ఆయనకే. నటుడి అబద్ధం మనకి తెలిసిపోతూనే వుంటుంది, అతికించుకున్న మీసం కనిపిస్తూనే వుంటుంది. కత్తెర ఆడే అబద్ధానికి అతుకు కూడా కనపడదు.

వందేళ్ల కిందట రష్యాలో కులెషోవ్ అనే ఆయన ఓ తమాషా చేశాడు. ఏ భావమూ లేని ఒక నటుడి మొహం తీసుకుని, దాని పక్కన ఓసారి సూపు గిన్నెనీ, ఓసారి శవపేటికనీ చేర్చి చూపించాడు. చూసినవాళ్లు, “ఆహా, ఆకలి ఎంత బాగా నటించాడు! దుఃఖం ఎంత బాగా పలికించాడు!” అని మెచ్చుకున్నారట. మొహం మాత్రం అదే మొహం.

ఈ సంగతి కడప జిల్లావాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. పులివెందుల దగ్గర కొత్తపల్లెలో పుట్టిన బి.యన్. రెడ్డిగారు మద్రాసు వెళ్లి 1939లో ‘వందేమాతరం’, 1951లో ‘మల్లీశ్వరి’ తీశారు. 1974 ఫాల్కే పురస్కారం ఆయనకి వస్తే, 1986ది ఆయన తమ్ముడు నాగిరెడ్డిగారికి వచ్చింది. ఒకే ఇంట్లో రెండు! అలాంటి జిల్లా తర్వాత తెర మీద ఎలా కనిపించిందో మీకు తెలుసు. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడిన ఆట చూశాక, సీమ అంటే సుమోలు, బాంబులు, వేటకొడవళ్లు. కక్షలు లేవని నేననను. చచ్చినవాళ్లున్నారు, వాళ్ల ఇళ్లలో మిగిలిపోయిన ఆడవాళ్లున్నారు. కాని ఆ సుమో పోయిన దారి పక్కనే చీనీతోట వుంది, మగ్గం వుంది, ప్రొద్దుటూరు దసరా వుంది, పొద్దున్నే కారందోసె కోసం నిలబడ్డ జనం వున్నారు. కత్తెర వాళ్లని తీసేసింది, అంతే.

ఇప్పుడా కత్తెర ఆ జిల్లా పిల్లల చేతికే వచ్చింది. ప్రొద్దుటూరులో మాకు తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడున్నాడు. కాలేజీలో చదివేది డిగ్రీ, తనంతట తను చదువుకునేది సినిమా. పూనా ఇన్‌స్టిట్యూటు లేదు, గురువు లేడు. ఒక ఫోను, స్నేహితుడి పాత కంప్యూటరు, అంతే సరంజామా. మొదట జమ్మలమడుగులో ఓ మగ్గం మీద అయిదు నిమిషాల సినిమా తీశాడు. అందులో నాలుగు నిమిషాలు నాడె అటూ ఇటూ పోవడమే. చూసినవాళ్లు ఆవలించారు. రెండోది గండికోట మీద. ఫోను పెన్న లోయలో పడలేదు గాని సినిమా పడిపోయింది.

మూడోదానికి పులివెందుల వైపు వెళ్లి ఓ చీనీతోట పెద్దాయన్ని పట్టుకున్నాడు. ఈ సినిమా నిలబడింది. పెద్దాయన ఎండిన తోటకేసి చూస్తూ కండువాతో కళ్లు తుడుచుకుంటాడు. వెంటనే నీళ్లు రాని బోరు. ఆ వెంటనే నరికేసిన చీనీచెట్ల మొద్దులు. ఇంట్లో ఆడవాళ్లు కంటతడి పెట్టారు. మనవాడికి సంతోషం పట్టలేదు. ఆ సంతోషంలోనే మళ్లీ పులివెందుల బస్సెక్కి పెద్దాయనకు చూపించాడు.

ఆయన రెండుసార్లు చూశాడట. చూసి, “నేను యాడ ఏడిస్తి అబ్బీ? దుమ్ము పడితే కండ్లు తుడుచుకుంటి. ఆ యెనక నవ్వితి గూడా. అది యాడ పాయె?” అన్నాడట.

అబ్బాయి నా దగ్గరకొచ్చి వాదన పెట్టాడు. బోరు ఎండింది నిజం, అప్పు నిజం. మొద్దులు పక్క చేనువే అనుకోండి, ఈయన చెట్లు కూడా కొట్టేశారుగా! కన్నీళ్లొక్కటేగా లేనివి? లోపల ఏడ్చే వుంటాడు కదా, అని.

మంచి వాదనే. పెద్ద పెద్దవాళ్లు చేసిన వాదన. 1922లో ఫ్లాహర్టీ అనే అమెరికా ఆయన మంచుదేశపు మనుషుల మీద ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ తీశాడు. మంచు ఇంట్లో కెమెరాకి చోటూ వెలుతురూ చాలవని సగం ఇల్లే కట్టించాడు. అప్పటికే తుపాకీలు వాడుతున్నవాళ్లచేత ఈటెలు పట్టించాడు. సగం ఇంటిని నేను క్షమిస్తాను. వెలుతురు కోసం చేసిన పని అది, దానివల్ల ఎవరూ ఇంకొకరైపోలేదు. ఈటె దగ్గర కొంచెం తటపటాయిస్తాను. లేని కన్నీళ్ల దగ్గర మాత్రం ఒప్పుకోలేను. ఎందుకంటారా? ఆ పెద్దాయన రేపు కూడా ఆ వూళ్లోనే బతకాలి, ఆ రచ్చబండ మీదే కూచోవాలి. బోరు పోయింది, చెట్లు పోయాయి. ఇంత జరిగినా ఏడవలేదన్న మాటొక్కటి ఆయనకి మిగిలింది. మనవాడు కత్తెరతో అది కూడా పట్టుకుపోయాడు.

అలాగని బొమ్మలో వున్నవాడు సరే అంటేనే సినిమా అందామా? అలా అయితే పెళ్లి వీడియో తప్ప మరేం మిగలదు. ప్రతి మామగారూ గంభీరంగా, ప్రతి వదినా నవ్వుతూ!

ఈ చిక్కు నేను వూహించి చెప్పేది కాదు, అబ్బాయికి నాలుగో సినిమాలోనే ఎదురైంది. మళ్లీ మగ్గం దగ్గరకే వెళ్లాడు. ఈసారి నాడెను వదిలి చీరె వెంట నడిచాడు, ప్రొద్దుటూరులో అమ్మే షాపుదాకా. షావుకారు మంచి హుషారులో వున్నాడేమో, చీరె నేసినవాడికి ఎంత ఇస్తాడో, తను ఎంతకి అమ్ముతాడో కెమెరా ముందే లెక్కతో సహా చెప్పేశాడు. మర్నాడు అబ్బాయి తండ్రిని పిలిచి, “మీవాడికి చెప్పప్పా, ఆ ఒక్క మాట తీసేయమను” అన్నాడు. అబ్బాయి తండ్రి ఆ షాపులోనే గుమాస్తా.

పెద్దాయన అడిగాడని నవ్వు తిరిగి పెట్టాలి, షావుకారు అడిగినా మాట తియ్యకూడదు. ఇదేం న్యాయం అంటారా? నాకు తోచినది ఇది. నవ్వు తీసేస్తే పెద్దాయన తను కాని మనిషైపోతున్నాడు. మాట వుంచితే షావుకారు షావుకారుగానే వుంటాడు. పైగా కెమెరా ఎదురుగా వుందని తెలిసే చెప్పాడు. ఆ లెక్క నేసినవాడిది కూడా. వాడికి ఫోను చేసి తీయించే తాహతు లేదు. అబ్బాయితోనూ ఇదే చెప్పాను. చెప్పడానికేం, ఆ షాపు జీతంతో ఉడికేది మా ఇంట్లో అన్నం కాదుగా.

చీనీతోట సినిమాలో పెద్దాయన నవ్వు తిరిగి వచ్చింది, మొద్దులు పోయాయి. ఇప్పుడు సినిమా డల్లుగా వుందని స్నేహితులంటున్నారు. చీరె సినిమా మాత్రం ఇంకా ఎవరికీ చూపించలేదు. షావుకారి మాట వున్నది ఒకటి, లేనిది ఒకటి, రెండూ తయారుచేసి కంప్యూటర్లో పక్కపక్కనే పెట్టాడు. ఏది చూపించాలో తండ్రిని అడగలేదు. తండ్రి కూడా ఏమీ అడగలేదు, రోజూ తొమ్మిదింటికి క్యారియరు పట్టుకుని షాపుకి వెళుతున్నాడు.