నవ్వితే తప్పా, ఫాదర్?



కొన్ని వారాల క్రితం ఆదివారం పూజ ముగిశాక ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. అబ్బాయి బి.ఇడి. చదువుతున్నాడు. రేపో మాపో పంతులు కావలసినవాడు. సెలవులకు ఇంటికి వచ్చి, అర్ధరాత్రి దాకా సెల్‌ఫోనులో ఏదో ఇంగ్లీషు సినిమా చూస్తూ పడీపడీ నవ్వుతుంటే, ఏమిటా అని ఆమె తొంగి చూసిందట. చూసినది చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. "మీరే బుద్ధి చెప్పండి ఫాదర్ గారూ" అన్నది. అబ్బాయి తలవంచుకునే ఒక్కమాట అడిగాడు: "నవ్వొచ్చింది, నవ్వాను. నవ్వితే తప్పా, ఫాదర్?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. వచ్చే ఆదివారం చెబుతానని పంపించాను. చూడని దానిమీద తీర్పు చెప్పడం న్యాయం కాదు గనుక ఆ సినిమా నేనూ చూశాను. రెండుచోట్ల నాకూ నవ్వొచ్చింది. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మంచిది.

సినిమా పేరు 'బ్యాడ్ టీచర్'. 2011లో అమెరికాలో విడుదలైంది. దర్శకుడు జేక్ కాస్డన్. ఎలిజబెత్ అనే ఉపాధ్యాయురాలి వేషం కామెరాన్ డయాజ్ వేసింది. ధనవంతుణ్ణి పెళ్ళాడి ఉద్యోగం వదిలేద్దామనుకున్న ఎలిజబెత్, ఆ సంబంధం చెడిపోవడంతో గత్యంతరం లేక మళ్ళీ బడికి వస్తుంది. ఏడవ తరగతి పిల్లలకు టీవీ పెట్టి, తాను బల్లమీద తలవాల్చి నిద్రపోతుంది. తన అందం పెంచుకొనే శస్త్రచికిత్సకు డబ్బు కావాలి. అందుకోసం పిల్లలు కార్లు కడిగి పోగుచేసిన సొమ్ము కాజేస్తుంది. ఏ తరగతికి ఎక్కువ మార్కులొస్తే ఆ టీచరుకు 5,700 డాలర్ల బహుమానమని తెలిసిన రోజున ఒక్కసారిగా పాఠాలు మొదలుపెడుతుంది. పాఠాలతో పని జరగదని తేలాక, పరీక్షల అధికారికి మత్తుమందిచ్చి ప్రశ్నపత్రం దొంగిలిస్తుంది. ఇక అందులోని బూతు మాటలు, బూతు చేష్టల గురించి ఎక్కువ రాయను. పిల్లలతో కూర్చుని చూడదగిన సినిమా కాదు. ఆ తల్లి కోపం సబబే. కానీ అబ్బాయి అడిగిన ప్రశ్న బూతు గురించి కాదు, నవ్వు గురించి.

నవ్వును మన శ్రీసభ ఎన్నడూ పాపమనలేదు. పునీత తోమాసు అక్వీనాసు తన మహాగ్రంథంలో వినోదం కూడా ఒక సుగుణానికి సంబంధించినదేనని రాశాడు. అరిస్టాటిల్ దగ్గర నేర్చుకున్న మాట అది. విల్లు ఎప్పుడూ ఎక్కుపెట్టే ఉంచితే విరిగిపోతుంది, మనసూ అంతేనని ఒక పాత కథను అక్కడ ఎత్తి చూపుతాడు. అంతటితో ఆగక, తాను నవ్వక, నవ్వేవారిని చూసి ముఖం ముడుచుకొనేవాడు కూడా తప్పు చేస్తున్నాడని అంటాడు. (మా సెమినరీలో ఈ భాగం చెప్పిన గురువుగారు క్లాసు మొత్తంలో ఒక్కసారి కూడా నవ్వలేదు.) అయితే వినోదానికి హద్దులున్నాయంటాడు. అది అసభ్యమైన మాటల్లోగాని, ఇతరులకు హాని చేసే పనుల్లోగాని ఉండకూడదు.

ఈ హాని అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. హాస్యాన్ని నిర్వచిస్తూ అరిస్టాటిల్ ఒక గట్టి విషయం చెప్పాడు. నవ్వు పుట్టించే లోపం బాధ కలిగించనిదై, నాశనం తీసుకురానిదై ఉండాలట. అరటి తొక్కమీద జారిపడ్డవాడు లేచి దులుపుకుంటేనే మనకు నవ్వు. లేవకపోతే పరుగెత్తి వెళ్తాం. అంటే దుర్మార్గం మనల్ని నవ్వించాలంటే, దానివల్ల బాధపడేవాళ్ళు మన కంటికి కనబడకూడదన్నమాట.

ఇప్పుడు ఆ సినిమాను మళ్ళీ చూడండి, కనీసం మనసులో. టీచరు నిద్రపోతుంటే నవ్వొస్తుంది. ఎందుకంటే కెమెరా ఆమె వైపు తిరిగి ఉంది. ఎదురుగా కూర్చున్న ఆ పిల్లలు ఏడాదిలో ఏం పోగొట్టుకున్నారో చూపించరు. చూపిస్తే నవ్వు ఆగిపోతుంది. ఎదురు గదిలో అమీ అనే టీచరమ్మ ఉంది. ఉత్సాహంగా పాఠాలు చెబుతుంది, పని మీద ప్రేమ ఉన్న మనిషి. కొంచెం డాబు, అసూయ ఉన్నాయి, నిజమే. కానీ సినిమా మనల్ని ఎలిజబెత్ పక్షాన నిలబెట్టి, అమీని చూసి నవ్వమంటుంది. చివరికి బదిలీ అయి వెళ్ళిపోయేది అమీ. దొంగతనం చేసినామె అదే బడిలో పిల్లలకు సలహాలిచ్చే కౌన్సిలరుగా కూర్చుంటుంది.

ఇందులో ఇంకొక సంగతి నన్ను వదలలేదు. నిద్రపోతూ ఆమె పిల్లలకు వేసిన సినిమాల్లో 'స్టాండ్ అండ్ డెలివర్' ఒకటి. అది 1988లో వచ్చింది. దాని వెనుక నిజమైన కథ ఉంది. బొలీవియా నుండి అమెరికా వచ్చిన హైమే ఎస్కలాంటే అనే లెక్కల మాస్టారు, లాస్ ఏంజెలిస్‌లోని గార్ఫీల్డ్ హైస్కూలులో పేద పిల్లలకు కాల్క్యులస్ నేర్పాడు. 1982లో 18 మంది ఆ కఠినమైన పరీక్ష నెగ్గారు. పేదపిల్లలకు ఇన్ని మార్కులా అన్నట్టు, పరీక్ష జరిపినవారు 14 మందిని కాపీ కొట్టారని అనుమానించారు. వారిలో 12 మంది మళ్ళీ పరీక్ష రాసి, 12 మందీ నెగ్గారు. కాపీ కొట్టని పిల్లలమీద పడిన నిందను కథగా చెప్పే ఆ సినిమాను, నిజంగానే పేపరు దొంగిలించబోయే టీచరు నిద్రకోసం వాడుకుంటుంది. తీసినవారు దీన్ని పెద్ద హాస్యంగానే తలచి ఉంటారు. నాకు మాత్రం అక్కడ నవ్వు రాలేదు.

పునీత అగుస్తీను తన 'ఒప్పుకోళ్ళు' గ్రంథంలో చిన్ననాటి బడిని తలచుకుంటూ ఇటువంటి బాధే పడ్డాడు. ఆ రోజుల్లో పిల్లలకు టెరెన్స్ రాసిన హాస్యనాటకం పాఠంగా ఉండేది. అందులో ఒక యువకుడు గోడమీద జూపిటర్ దేవుని జారకృత్యం బొమ్మ చూసి, దేవుడే చేయగా లేనిది నేను చేస్తే ఏమని ఒక పిల్లను చెరుస్తాడు. భాష నేర్పే నెపంతో దీన్ని పిల్లల చేత వల్లె వేయించిన గురువులను అగుస్తీను క్షమించలేకపోయాడు. బొమ్మ ఆ యువకునికి చేయి చాచి ఏమీ ఇవ్వలేదు, సెలవు మాత్రమే ఇచ్చింది. నవ్వు కూడా అంతే. ఒకసారి నవ్వినదాన్ని రెండోసారి చూసినప్పుడు మనసు అంతగా ఎదురు తిరగదు.

"సినిమా చూసి ఎవరైనా చెడిపోతారా" అంటారు మీరు. నేను సినిమా చూడకుండానే ఆ సెలవు తీసుకున్నవాణ్ణి.

పాతికేళ్ళ కిందటి మాట. గురుపట్టం పొంది ఎక్కువ కాలం కాలేదు. ఒక పల్లెలో విచారణతోబాటు హైస్కూలు కరస్పాండెంటు పని కూడా నాదే. పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు మా బడే సెంటరు. ఇన్విజిలేటర్లకు మధ్యాహ్నం కోడికూరతో భోజనం. లెక్కల పరీక్షనాడు కిటికీలోంచి చిట్టీలు లోపలికి వెళుతుంటే చూశాను. నేను చిట్టీ రాయలేదు, అందించలేదు. ఇన్విజిలేటరు వసారాలోకి రాగానే, "టీ తాగుదాం రండి సార్" అని నా గదికి తీసుకుపోయాను, అంతే. ఫలితం నూటికి నూరు శాతం. ఊరంతా మిఠాయిలు పంచారు, నా మెడలో దండ వేశారు. ఆ సాయంత్రం సిస్టర్స్‌తో, మాస్టర్లతో ఆ టీ సంగతి తలచుకుని కడుపుబ్బ నవ్వుకున్నాం. బీద పిల్లలు గట్టెక్కారు కదా, ఎవరికేం నష్టమనుకున్నాం.

ఏడెనిమిదేళ్ళ తర్వాత వాళ్ళలో ఒక కుర్రవాడు పెళ్ళి కాగితాల కోసం నేనున్న చోటికి వెతుక్కుంటూ వచ్చాడు. ఫారం ఇచ్చి నింపమన్నాను. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి, నా ముందుకు తోసి, "మీరే రాసేయండి ఫాదర్. ఆ రోజు కూడా గట్టెక్కించింది మీరేగా!" అని నవ్వాడు. పదో తరగతి పాసైనట్టు సర్టిఫికెట్టు ఉంది అతని దగ్గర. తల్లిదండ్రుల పేర్లు నేనే అడిగి నేనే రాశాను. నవ్వాను కూడా. మరేం చేయాలో తోచలేదు.

తర్వాతి ఆదివారం ఆ తల్లీకొడుకులు మళ్ళీ వచ్చారు. నేను అరిస్టాటిల్‌ను పక్కన పెట్టి ఈ టీ కథే చెప్పాను. ఆమె నావైపు వింతగా చూసింది. మందలిస్తానని తీసుకొస్తే పూజారి తన పాపసంకీర్తనం మొదలుపెట్టాడేమిటని అనుకుని ఉంటుంది. అబ్బాయి మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. లేచి వెళ్ళేటప్పుడు చెప్పాడు, సెలవులు కాగానే ప్రాక్టీసు పాఠాలకు ఏదో బడికి పంపుతున్నారట. ఏ తరగతి ఇచ్చారని అడిగాను.

"ఏడో తరగతి, ఫాదర్" అన్నాడు.